విమానం ఎక్కేముందు: నర్సులు, డాక్టర్ల సందేహాలకు జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విదేశీ ఉద్యోగాల గురించే. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. కువైట్‌లో స్టాఫ్ నర్సు ఉద్యోగం ఇప్పిస్తామని ఒకాయన నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. ముందు విజిట్ వీసా మీద వెళ్లాలట, అక్కడికి చేరాక మార్పిస్తారట. పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని రకం) కాబట్టి ఏ క్లియరెన్సూ అక్కర్లేదంటున్నారు. నమ్మవచ్చా? (శ్రీకాళహస్తి)

జవాబు: డబ్బు ఇవ్వకండమ్మా. ఆయన చెప్పిన మూడు మాటలూ తప్పే.

మొదట ఈసీఎన్‌ఆర్ సంగతి. పదో తరగతి పాసైనవాళ్లకు మామూలుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం ఉండదు. నర్సులకు మాత్రం ఆ మినహాయింపు లేదు. కువైట్ నియామకాల్లో నర్సుల దగ్గర లక్షలకు లక్షలు గుంజిన వ్యవహారాలు బయటపడ్డాక, 2015 ఏప్రిల్ 30 నుంచి కేంద్రం నిబంధన మార్చింది. కువైట్, సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌తో కలిపి 18 దేశాల జాబితాలో దేనికి నర్సుగా వెళ్లాలన్నా, పాస్‌పోర్టు ఏ రకమైనా, విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్స్ తప్పనిసరి. నియామకం జరిపే పని ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. మన రాష్ట్రానికి అది ఓంక్యాప్. కేరళకు నోర్కా రూట్స్, ఒడెపెక్ ఉన్నాయి. ఏదైనా ప్రైవేటు ఏజెన్సీ తమకూ అనుమతి ఉందంటే ఆ అనుమతి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపించాలి. లైసెన్స్ నంబరు అడగండి, ఏజెంట్ల జాబితాలో 'యాక్టివ్' అని ఉందో లేదో మీరే చూడండి. 'ఫలానా ఏజెన్సీ తరఫున ఊళ్లో నేను చూసుకుంటాను' అనే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు.

ఇక డబ్బు. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 35,400 కంటే ఎక్కువ తీసుకోకూడదు. దానికీ రశీదు ఇవ్వాలి. నాలుగున్నర లక్షలకు రశీదు అడిగి చూడండి, మాట మారుస్తారు.

విజిట్ వీసా అన్నిటికంటే ప్రమాదం. ఆ వీసా మీద పనిచేస్తే అక్కడి చట్టం దృష్టిలో మీరే నేరస్తులవుతారు. యజమాని జీతం ఇవ్వకపోతే ఎంబసీకి చూపించడానికి చేతిలో ఒప్పందం ఉండదు. ఈ-మైగ్రేట్ దారిలో ఆస్పత్రి ముందుగా నమోదు కావాలి, ఎంతమంది కావాలో డిమాండ్ పెట్టాలి, జీతం, గంటలు, వసతి ఉన్న ఒప్పందం రికార్డులోకి ఎక్కాలి. రేపు తేడా వస్తే మాట్లాడేది ఆ రికార్డే.

సరైన దారి ఇలా ఉంటుంది. గల్ఫ్ దేశాలు ఎక్కువగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి, అది మీకుంది. మీ డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవం నిజమా కాదా అని డేటాఫ్లో అనే సంస్థ నేరుగా కాలేజీకి, కౌన్సిల్‌కి, ఆస్పత్రికి రాసి కనుక్కుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్ మీద రాసే ప్రోమెట్రిక్ పరీక్ష. సౌదీకి అక్కడి హెల్త్ స్పెషాలిటీస్ కమిషన్, దుబాయ్‌కి డీహెచ్‌ఏ, అబుదాబీకి డీఓహెచ్, ఒమన్‌కి ఓఎంఎస్‌బీ, ఇలా ఏ దేశానికి ఆ దేశపు లైసెన్స్.

ఎక్కువమంది దెబ్బతినేది డేటాఫ్లో దగ్గరే. ఆస్పత్రి నుంచి జవాబు రాకపోతే 'అనేబుల్ టు వెరిఫై' అని రిపోర్టు వస్తుంది. అది సరిచేసుకోగలిగినదే. అబద్ధం తేలితే 'నెగెటివ్' వస్తుంది. అది ఒక దేశంతో ఆగదు, పక్క దేశానికి అప్లై చేసినా వెంటాడుతుంది. రెండేళ్ల అనుభవాన్ని మూడేళ్లుగా రాయించుకోవడం, పనిచేయని ఆస్పత్రి లెటర్‌హెడ్ కొనుక్కోవడం వంటివి ఒక్క రోజు కూడా ఆలోచించవద్దు. ఉద్యోగం మానేముందే హెచ్‌ఆర్‌ని కలిసి, చేరిన తేదీ, మానిన తేదీ, వార్డు, పడకల సంఖ్య, ఆస్పత్రి అధికారిక ఈమెయిల్ ఉన్న అనుభవపత్రం తీసుకోండి. జీతం చీటీల్లోని తేదీలూ, పత్రంలోని తేదీలూ ఒకటే కావాలి. ఒక్క నెల తేడా చాలు, ఫైలు ఆగిపోతుంది.

జీఎన్‌ఎం వాళ్లకు ఇంకో మాట. సౌదీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆస్పత్రులు ఎక్కువగా బీఎస్సీ వాళ్లనే అడుగుతాయి. వీలుంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు పూర్తిచేసి వెళ్లండి. ఏజెంటుకు ఇవ్వాలనుకున్న డబ్బుకు అంతకంటే మంచి ఖర్చు లేదు.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. సర్టిఫికెట్లలో ఇంటిపేరు లేదు, ఇనీషియల్ మాత్రమే ఉంది. పాస్‌పోర్టులో నాన్న పేరు సర్‌నేమ్‌గా పడింది. రిజిస్ట్రేషన్‌లో ఇంకో స్పెల్లింగ్. పెళ్లి కూడా కుదిరింది. ఏది మార్చుకోవాలి? (నగరి)

జవాబు: ఈ ప్రశ్న నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి తరచుగా వస్తుంది. కారణం స్పష్టం. తమిళనాడు సరిహద్దు కావడంతో ఇక్కడ ఇనీషియల్ అంటే కొందరికి ఇంటిపేరు, కొందరికి తండ్రి పేరు. బళ్లో ఒక్క అక్షరం రాసి వదిలేస్తారు. పాస్‌పోర్టు కౌంటర్లో ఆ అక్షరాన్ని విడదీయమన్నప్పుడు తోచింది చెబుతారు. ఆ ఒక్క నిమిషం తర్వాత ఏళ్ల తరబడి లాగుతుంది.

పదో తరగతి సర్టిఫికెట్‌ని చెట్టుకు వేరులాంటిది అనుకోండి. దాన్ని మార్చడం చాలా కష్టం కాబట్టి మిగిలినవన్నీ దానికి దగ్గరగా తీసుకురావాలి. వరస ముఖ్యం. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పాస్‌పోర్టు సరిచేసుకోవడం మొదటి పని. ఆ తర్వాత నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో స్పెల్లింగ్. ఈ రెండూ చేతికొచ్చాకే ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలకు, ప్రోమెట్రిక్‌కు ఫీజు కట్టాలి. పరీక్ష పాస్‌పోర్టు పేరు మీద రాస్తారు. మధ్యలో పాస్‌పోర్టు మారితే పాత స్కోరు, కొత్త పేరు కలవక మళ్లీ అఫిడవిట్లు, మళ్లీ ఎదురుచూపులు. నోటరీ అఫిడవిట్ చిన్న తేడాలకు పనికొస్తుంది. పేరే వేరుగా ఉంటే గెజిట్ ప్రకటన దాకా వెళ్లాల్సి రావచ్చు. పేరంతా ఒకే మాటగా ఉండి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో యూఏఈ ప్రయాణంలో ఇబ్బంది వస్తుంది, అదీ ఇప్పుడే సరిచేయించుకోండి.

పెళ్లయినంత మాత్రాన సర్‌నేమ్ మార్చాలని లేదు. భర్త పేరు పాస్‌పోర్టులో చేర్పించుకోవచ్చు, మీ పేరు మాత్రం మారదు. లైసెన్స్ వచ్చేదాకా సర్‌నేమ్ జోలికి వెళ్లకండి. అత్తింటివాళ్లకు ఈ మాట ముందే చెప్పేయండి.

ఇంకో చిక్కు మీ బ్యాచ్‌కి ప్రత్యేకం. ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ అయింది. అడ్మిషన్ కాగితం మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకొకటి ఉంటే విదేశీ అధికారికి రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాల్లా కనిపిస్తాయి. దరఖాస్తులో డిగ్రీ మీద అచ్చయిన పేరే రాసి, పేరు మార్పు ఉత్తర్వు నకలు జతచేయండి. స్విమ్స్‌లో చదివినవాళ్ల డిగ్రీ స్విమ్స్ విశ్వవిద్యాలయానిది. వాళ్లు ట్రాన్‌స్క్రిప్టుల కోసం విజయవాడ వెళ్లక్కర్లేదు, ఊళ్లోనే పని జరుగుతుంది.

ప్రశ్న: బ్రిటన్ కోసం ఓఈటీ రాశాను. లిజనింగ్ 360, స్పీకింగ్ 370, రైటింగ్ 310, రీడింగ్ మాత్రం 340. పది మార్కులతో పోయిందా? (చంద్రగిరి)

జవాబు: పోలేదు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లో 350, రైటింగ్‌లో 300 అడుగుతుంది. మీ రైటింగ్ సరిపోతుంది. 12 నెలల్లోపు రాసిన రెండు పరీక్షల మార్కుల్ని కలిపి చూపవచ్చు. అయితే రెండోసారీ నాలుగు భాగాలూ రాయాలి. మొదటి మూడింట్లో ఏదీ 300 కంటే తగ్గకూడదు, రైటింగ్ కూడా సీ గ్రేడు కంటే కిందికి పోకూడదు. అంటే రీడింగ్ మీదే కూర్చుని మిగతావి గాలికొదిలేస్తే కుదరదు.

తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ పరీక్షలో లెక్కల భాగం వేరు, నర్సింగ్ భాగం వేరు. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాయవచ్చు. బ్రిటన్ చేరాక పది స్టేషన్లలో పని చేసి చూపించే ఆస్కీ పరీక్ష. దాని ఫీజు 794 పౌండ్లు, లక్ష రూపాయలకు దగ్గరగా వచ్చే ఖర్చు. దాన్ని ఎవరు కడతారో, మొదటిసారి తప్పితే రెండోసారి ఎవరిదో ఆఫర్ లెటర్లోనే రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఖర్చులు తిరిగి కట్టాలనే షరతు ఉంటే, నెలలు గడిచే కొద్దీ ఆ మొత్తం తగ్గుతూ రావాలి. తగ్గని షరతు మీద సంతకం చేయకండి. 2024 నుంచి అక్కడి ఆస్పత్రులు విదేశీ నర్సుల్ని తీసుకోవడం బాగా తగ్గించాయి. కాబట్టి చేతిలో ఉద్యోగం మానేసి పరీక్షలకు కూర్చోవద్దని మా గట్టి సలహా.

ప్రశ్న: ఆరు నెలల్లో జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్పించి పంపిస్తామంటున్నారు. డ్యూటీ చేసుకుంటూనే సాధ్యమేనా? (పుత్తూరు)

జవాబు: లెక్క మీరే వేయండి. గోథె సంస్థ అంచనా ప్రకారం బీ2 చేరడానికి 600 నుంచి 800 పాఠాలు కావాలి, ఒక్కోటి 45 నిమిషాలు. తక్కువలో తక్కువ 450 గంటలు. ఆరు నెలలకు 26 వారాలు, అంటే వారానికి పదిహేడు గంటలకు పైగా తరగతి గదిలోనే. ఇంటి దగ్గర చదివేది దీనికి అదనం. నైట్ డ్యూటీలు చేసే మనిషికి ఇది కుదిరే పని కాదు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు పెట్టుకోండి. బీ2కి ముందు మెట్టయిన బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. పోయిన మాడ్యూల్ ఒక్కటే తిరిగి రాసుకోవచ్చు. పుత్తూరు నుంచి మీకు చెన్నై గోథె కేంద్రమే దగ్గర. సొంతంగా 'బీ2 సర్టిఫికెట్' అచ్చు వేసి ఇచ్చే శిక్షణ కేంద్రం కాగితం వీసా దగ్గర చెల్లదు. గోథె, టెల్క్, ఓఎస్‌డీ వంటివే అడుగుతారు.

భాష ఒక సగం, గుర్తింపు ఇంకో సగం. మీ చదువును జర్మనీ చదువుతో పోల్చి, ఏయే భాగాలు తక్కువయ్యాయో చెబుతూ ఒక నోటీసు ఇస్తారు. ఆ లోటు తీర్చడానికి అక్కడ శిక్షణ కోర్సు గానీ, జ్ఞాన పరీక్ష గానీ పూర్తి చేయాలి. అప్పటిదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. 'చేరిన రోజు నుంచే నర్సు జీతం' అనే మాట నమ్మకండి. లోటు పెరగకుండా ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. కాలేజీ నుంచి మార్కుల జాబితా ఒక్కటే కాకుండా, ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటల థియరీ, ఏ వార్డులో ఎన్ని గంటల ప్రాక్టికల్ చేశారో చెప్పే పత్రం తీసుకోండి. గంటలు రాయకపోతే చేయనట్టే లెక్కగడతారు.

ఖర్చు ఎవరిదన్నది కూడా చూడండి. జర్మనీలో న్యాయమైన నియామకానికి ప్రభుత్వ గుర్తింపు ముద్ర ఉంది, పేరు 'ఫెయిరె ఆన్‌వెర్బుంగ్ ఫ్లేగె డాయ్‌చ్‌లాండ్'. ఆ ముద్ర ఉన్న సంస్థ నర్సు దగ్గర నియామకపు రుసుము తీసుకోదు, ఆస్పత్రే భరించాలి.

ప్రశ్న: మా పాప ఎస్వీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చివరి సంవత్సరం. అమెరికాకు వెళ్లాలా, బ్రిటన్‌కా అని ఇంట్లో రోజూ చర్చ. (పలమనేరు)

జవాబు: బ్రిటన్ దారి చూడటానికి దగ్గర. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7.5, దేనిలోనూ 7కి తగ్గకుండా, లేదా ఓఈటీలో అన్నింటా బీ. తర్వాత విదేశీ డాక్టర్లకు అక్కడ పెట్టే ప్లాబ్ పరీక్షలు: 180 ప్రశ్నల ప్లాబ్ 1, ఆ తర్వాత మాంచెస్టర్‌లో ప్లాబ్ 2. రిజిస్ట్రేషన్ వస్తుంది, ఉద్యోగం రావడమే ఇప్పుడు కష్టం. శిక్షణ సీట్లలో తమ దేశంలో చదివినవాళ్లకే మొదటి అవకాశం ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించుకుంది. ప్లాబ్ రెండూ పాసై నెలల తరబడి ఖాళీగా అద్దె కట్టుకుంటున్న పిల్లలు చాలామంది. పీజీ ఇక్కడ చేసుకుని వెళ్లేవాళ్ల పరిస్థితి కొంత మెరుగు.

అమెరికాకు అక్కడి లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే, ఓఈటీ, విదేశాల్లో చదివిన డాక్టర్లకు ఇచ్చే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్, ఆపై సెప్టెంబరులో దరఖాస్తులు, మార్చిలో ఎవరికి ఏ ఆస్పత్రో తేల్చే మ్యాచ్. 2022 జనవరి చివర నుంచి స్టెప్ 1లో మార్కులు లేవు, పాసో ఫెయిలో అంతే. కాబట్టి బరువంతా స్టెప్ 2 మార్కుల మీద, అక్కడి ఆస్పత్రిలో చేసిన అనుభవం మీద పడింది. మన జాతీయ వైద్య కమిషన్‌కు 2023లో ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య గుర్తింపు రావడంతో కాలేజీ గుర్తింపు గురించి దిగులు లేదు.

తల్లిదండ్రులకు తెలియాల్సింది వీసా సంగతి. రెసిడెన్సీకి (ఆస్పత్రిలో పీజీ శిక్షణకు) ఎక్కువగా ఇచ్చేది జే-1. దానికి మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే 'స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్' పత్రం కావాలి. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలనేది షరతు. ఆ షరతు తీసేయమని మన ప్రభుత్వం ఇచ్చే నోరి పత్రాన్ని 2011 నుంచి డాక్టర్లకు ఇవ్వడం లేదు, 65 ఏళ్లు దాటినవాళ్లకు తప్ప. అందుకే చాలామంది డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు పొందుతారు. దాన్ని కాన్రాడ్ 30 అంటారు, రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే. హెచ్-1బీ మీద వెళ్లాలంటే స్టెప్ 3 కూడా ముందే పాసవ్వాలి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ దారి మరీ ఇరుకైంది.

ఏ దేశమైనా సరే, ముందు ఇక్కడ ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి శాశ్వత రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చేరేటప్పుడు ప్రభుత్వానికి ఏదైనా బాండు రాసిచ్చి ఉంటే దాని నకలు వెతికి షరతులు చదవండి. డాక్టరు మీద ఆరోపణలేమీ లేవని ఇక్కడి కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌ను మరీ ముందుగా తీసుకోవద్దు, బ్రిటన్ కౌన్సిల్‌కు అది మూడు నెలల లోపుదై ఉండాలి.

ప్రశ్న: 120 పడకల ఆస్పత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. శిక్షణ ఇచ్చిన ఐసీయూ నర్సులు వరసగా విదేశాలకు వెళ్లిపోతున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకుంటే ఆగుతారని యాజమాన్యం అంటోంది. (తిరుపతి)

జవాబు: మేడమ్, ఆ పని ఒప్పుకోకండి. సర్టిఫికెట్ ఆమె ఆస్తి. పట్టి ఉంచుకుంటే న్యాయంగా నిలబడదు, పైగా ఆ మాట నర్సింగ్ కాలేజీల్లో పాకిందంటే కొత్త బ్యాచ్ మీ గుమ్మం తొక్కదు. వెళ్లాలనుకున్నవాళ్లు చెప్పకుండా వెళ్తారు, మీకు దక్కాల్సిన నెల నోటీసు కూడా దక్కదు.

జరుగుతున్నది ఇదీ. వార్డులకు 60 మంది నర్సులు కావాలంటే సెలవుల కోసం 30 శాతం అదనంగా ఉంచాలని ప్రమాణం, అంటే ఇంకో 18 మంది. చాలా ఆస్పత్రుల్లో ఆ 18 మంది కాగితం మీద కూడా ఉండరు. ఇద్దరు వెళ్లిపోగానే మిగిలినవాళ్ల వారాంతపు సెలవులు రద్దవుతాయి, డబుల్ డ్యూటీలు పడతాయి, ఓఈటీ క్లాసుల్లో చేరేవాళ్లు ఇంకో నలుగురు పెరుగుతారు. విదేశీ జీతంతో మీరు పోటీ పడలేరు, ఈ డబుల్ డ్యూటీని మాత్రం ఆపగలరు. ముందు అదనపు పోస్టులు నింపించండి.

జీతం మాట యాజమాన్యం ముందు పెట్టడానికి మీకు ఆధారం ఉంది. సుప్రీంకోర్టు 2016 జనవరి ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, 100 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు జీతం అదే స్థాయి ప్రభుత్వ నర్సు జీతం కంటే పది శాతానికి మించి తగ్గకూడదని సిఫారసు చేసింది. మీది 120 పడకలు కాబట్టి ఈ కొలతకిందికే వస్తుంది. తేడా ఎంతుందో ఒక కాగితం మీద వేసి చూపండి.

వెళ్లేవాళ్లను దాచుకోనివ్వకుండా చేయడమే మీకు లాభం. ఎవరు ఏ పరీక్ష రాస్తున్నారో కోప్పడకుండా అడిగి రిజిస్టర్లో రాసుకోండి. పరీక్ష పాసైన రోజు నుంచి ప్రయాణానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో ఆమె పక్కన జూనియర్‌ని పెట్టి వెంటిలేటర్, ఇన్‌ఫ్యూజన్ పంపు, డ్యూటీ అప్పగింత నేర్పించవచ్చు. వెరిఫికేషన్ ఈమెయిళ్లకు జవాబివ్వడానికి ఒక మనిషినీ, ఒక అధికారిక చిరునామానీ కేటాయించండి. కాగితాలు సక్రమంగా ఇచ్చే ఆస్పత్రి అని పేరు వస్తే రెండేళ్ల అనుభవం కోసం పిల్లలు మీ దగ్గరికే వెతుక్కుంటూ వస్తారు, ఆ రెండేళ్లూ నిలకడగా చేస్తారు.

ప్రశ్న: పేద దేశాల నుంచి నర్సుల్ని తీసుకోకూడదని అంతర్జాతీయ నియమం ఉందట. మనకు వర్తిస్తుందా? (తిరుపతి)

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మే నెలలో ఒక నియమావళి ఆమోదించింది. అది స్వచ్ఛందం. వైద్య సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న దేశాలతో ఆ సంస్థ ఇచ్చిన 2023 జాబితాలో 55 దేశాలున్నాయి, భారత్ లేదు. జాబితాలోని దేశాల్లో కూడా ఏజెన్సీలు వెళ్లి పనిగట్టుకుని మనుషుల్ని తీసుకుపోవడమే వద్దంటారు, ఎవరైనా సొంతంగా దరఖాస్తు చేసుకుంటే అడ్డు లేదు. ఒకప్పుడు బ్రిటన్ తమ సాయం అందుకుంటున్న నాలుగు భారత రాష్ట్రాల్లో ఇలాంటి నియామకాలు వద్దనుకుంది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ప్రశ్న: ఏఎన్‌ఎం చదివాను. కేర్ వర్కర్ వీసా మీద లండన్ పంపిస్తామంటున్నారు. (కుప్పం)

జవాబు: విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకునే ఆ వీసాను బ్రిటన్ 2025 జూలై 22న మూసేసింది. ఇప్పుడు దాని పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లు మోసగాళ్లే. పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: కూతురు వచ్చే నెల సౌదీ వెళ్తోంది, ప్రభుత్వ సంస్థ ద్వారానే. ఇంట్లో మేం ఏం ఉంచుకోవాలి? (చిత్తూరు)

జవాబు: పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, సంతకాలున్న ఒప్పందం, ఎమిగ్రేషన్ క్లియరెన్స్, ఆస్పత్రి పూర్తి చిరునామా నకళ్లు ఒక కవర్లో పెట్టుకోండి. ఫోన్లో ఉన్నాయని వదిలేయకండి, ప్రింట్లు తీయించండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకోండి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తుంది. పాలసీ నంబరు నామినీకి తెలియాలి, నామినీగా మీ పేరే ఉంటే మీ ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. మొదటి నెల జీతం బ్యాంకులో పడిందో లేదో, ఒప్పందంలోని అంకెతో సరిపోయిందో అమ్మాయిని అడిగి తెలుసుకోండి. తేడా ఉంటే ఆలస్యం చేయకుండా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఇక్కడినుంచి మీరైనా చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090.